బీటు ఎలా వస్తుందో నాకింకా తెలియదు

అందరూ అడిగే మాట

"సార్, డ్రమ్స్ తొందరగ వచ్చే ఉపాయం ఏదన్న ఉంటే చెప్పురి" అని నన్ను అడగని మనిషి లేడు. సూర్యాపేటలో పిల్లల తల్లిదండ్రులు అడిగారు. కోదాడలో కాలేజీ అమ్మాయిలు అడిగారు. మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమాస్తా ఒకాయన హోటల్లో నా ఎదురుగా కూర్చుని ఇడ్లీ తింటూ అడిగాడు. మోకాలు అరిగిపోయి, పెడల్ మీద పాదం పెట్టాలంటేనే భయం వేసి, నేర్పడం మానేశాక కూడా అడుగుతూనే ఉన్నారు. ఇప్పుడు అడిగేవాళ్లు వేరు. డ్రమ్స్ క్లాసులు పెడదామని గది కిరాయికి తీసుకున్న యువకులు, యువతులు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఉపాయాలు కొన్ని నాకు తెలుసు. అవి కొందరికి ఎందుకు పనిచేస్తాయో, కొందరికి ఎందుకు పనిచేయవో మాత్రం ఇన్నేళ్లయినా తెలియలేదు. తెలిసినట్టు రాస్తే మీరు మోసపోతారు.

ముందు నేర్వాల్సింది బీటు. పాట మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా ఒకే నడక తిరిగి తిరిగి రావడమే బీటు. కుడికాలి కింద కిక్, అంటే పెద్ద డ్రమ్ము. ఎడమచేతి కింద స్నేర్, అంటే పదునుగా టక్కుమనే చిన్న డ్రమ్ము. కుడిచేతి కింద హై-హ్యాట్, అంటే ఒకదాని మీద ఒకటి బోర్లించిన జంట తాళాలు. ఒకటికి కిక్, రెండుకు స్నేర్, మూడుకు కిక్, నాలుగుకు స్నేర్. వీటి మీదుగా హై-హ్యాట్ ఆగకుండా పోతుంటుంది. అన్నిటికంటే తేలికైన బీటు ఇదే. మన ఊళ్లలో వాయించే పాటల్లో చాలా వాటికి సరిపోతుంది కూడా.

నేను దీన్ని నోటితో మొదలుపెడతాను. "దుం, టక్, దుం, టక్." దుం అంటే కాలు, టక్ అంటే ఎడమచెయ్యి. నోరు తడబడకుండా వచ్చాక కుర్చీలో కూర్చోబెట్టి, దుం అన్నప్పుడు పాదంతో నేల మీద, టక్ అన్నప్పుడు ఎడమచేత్తో తొడ మీద కొట్టమంటాను. ఆ తర్వాత కుడిచేత్తో రెండో తొడ మీద, అంకెకు ఒక దెబ్బ, అంకెకూ అంకెకూ మధ్య ఇంకో దెబ్బ. మూడూ ఒకేసారి కుదరకపోతే రెండు రెండుగా కలపాలి. కుడిచెయ్యి, కాలు. కుడిచెయ్యి, ఎడమచెయ్యి. ఆ తర్వాత మూడూ. వేగం మాత్రం ముసలాయన మెట్లు దిగినంత. అసలు డ్రమ్స్ ముట్టుకునేది అప్పుడే.

ఇది చాలామందికి పనిచేసింది. కానీ పెళ్లి ఊరేగింపులో తీన్మార్ కొడితే ఒక్క అడుగు తప్పకుండా ఎగిరే మనిషి, నా ముందు కుర్చీలో కూర్చోగానే రెండో టక్ దగ్గర ఆగిపోతాడు. అటు చర్చిలో చప్పట్లు కూడా సరిగ్గా కొట్టలేని ఒకామె మొదటి పూటే మూడూ కలిపేసింది. ఎగిరేటప్పుడు ఆ మనిషి ఒంట్లో ఉన్న లెక్క కుర్చీలోకి వచ్చేసరికి ఎక్కడికి పోతుంది? నాకు తెలియదు. మీకు తెలిస్తే చెప్పండి.

ఇద్దరు యజమానులు

నన్ను పనిలో పెట్టుకున్నవాళ్లలో ఇద్దరి దగ్గర నేర్చుకున్నాను. ఇద్దరూ పూర్తిగా ఎదురెదురు మాటలు చెప్పారు.

మొదటివాడు యాదగిరన్న. సూర్యాపేటలో ఆర్కెస్ట్రా నడిపేవాడు, ఇప్పటికీ నడుపుతున్నాడు. తనే కీబోర్డు వాయిస్తాడు. నేను కుర్రతనంలో ఆయన దగ్గర చేరినప్పుడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"జోసెఫూ, నీకు ఎన్ని బీట్లొస్తయ్?"

"పది పన్నెండు వస్తయన్నా."

"ఒక్కటి పట్టుకో. మిగిలినయి ఇంట్ల పెట్టి రా."

ఆ పెళ్లిళ్ల సీజన్ అంతా నాతో ఒకే ఒక్క బీటు వాయించాడు. చరణం ముగిసేచోట గలగలమని కొట్టే రోల్ కూడా వద్దన్నాడు. నాకు అవమానంగా ఉండేది. జనం నా వైపు చూడనే చూడరు కదా అనిపించేది. ఒక రిసెప్షన్‌లో మా పాటగాడు చరణం మరిచిపోయి బొమ్మలా నిలబడ్డాడు. నేను చేస్తున్నదే చేస్తూ ఉన్నాను. బీటు పడిపోలేదు కాబట్టి ఆయన మళ్లీ పల్లవి అందుకున్నాడు. కింద భోజనాలు చేసేవాళ్లకు ఏమీ తెలియలేదు. స్టేజీ దిగాక యాదగిరన్న నా భుజం మీద చెయ్యి వేసి, "గందుకే" అన్నాడు.

రెండోవారు రామారావుగారు. కోదాడలో హైవే పక్కన మేడ మీద సంగీతం స్కూలు నడిపేవారు. నేను సూర్యాపేట నుంచి బస్సులో వెళ్లి అక్కడ డ్రమ్స్ నేర్పేవాణ్ని. నా దుం టక్ వినీ వినీ ఒకరోజు పక్కకు పిలిచారు.

"మాస్టారూ, పాట లేకుండా అంకెలు చెప్తూ కూర్చుంటే ఎవరుంటారండీ? మొదటి క్లాసులోనే ఏదో ఒక పాట వాయించి వెళ్లాలి. తప్పులతో అయినా సరే."

ఇది వ్యాపారం మాట అనుకున్నాను. కానీ అదే స్కూల్లో నా దగ్గర ఒక బ్యాంకు ఆఫీసరు నేర్చుకునేవాడు. నా పద్ధతి అక్షరాలా పాటించినవాడు ఆయనొక్కడే. ఫోన్లో టక్ టక్ మనే యాప్ పెట్టుకుని దానికి వెంట్రుకవాసి తేడా లేకుండా వాయించేవాడు. వార్షికోత్సవంలో స్టేజీ ఎక్కాడు. పాట మధ్యలో పాడే అమ్మాయి భావం కోసం కాస్త నెమ్మదించింది. కీబోర్డు ఆమెతో పాటు నెమ్మదించింది. మా ఆఫీసరు నెమ్మదించలేదు. పాట రెండు ముక్కలైంది. ఆయన దిగివచ్చి చెమట తుడుచుకుంటూ, "నేనెక్కడ తప్పానండీ?" అని అడిగాడు. ఎక్కడా తప్పలేదు. తప్పినవాళ్లు మిగతా అందరూ. అయినా పాట పాడైంది ఆయన వల్లే. బస్సు టైమైందని చెప్పి వచ్చేశాను.

పోనీ రామారావుగారి పద్ధతే మేలు అనుకుందామంటే, పాటతో నేర్చుకున్న పిల్లలకు ఆ ఒక్క పాటే వచ్చేది. పాట మారిస్తే అదే బీటు కొత్తదైపోయేది. అప్పటి నుంచి రెండూ కలిపి నేర్పాను. కలపడంలో పాళ్లు ఎంతంటే చెప్పలేను. ఒక్కొక్కరికి ఒక్కోలా పడింది.

స్టూలు మీంచి లేవని మనిషి

నన్ను అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టింది సునీత. నేను నేర్పడం మానేయడానికి కొంచెం ముందు సంగతి. ఆమె గురించి కాస్త వివరంగా రాస్తాను.

సునీత మిర్యాలగూడలో బట్టలు కుట్టేది. ఆమె భర్త ప్రభాకర్ నా తర్వాత యాదగిరన్న ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించాడు. నా కంటే మంచి వాయింపు. ఆదివారం చర్చిలో కూడా అతనే. నిడమనూరు వైపు ఒక ఫంక్షన్ చేసుకుని బండి మీద వస్తుంటే గేదె అడ్డం వచ్చి పడిపోయాడు. కుడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది కానీ పట్టు రాలేదు. గ్లాసు పట్టుకోగలడు, మెల్లగా బండి నడపగలడు, డ్రమ్స్ కొట్టే కర్ర మాత్రం పట్టుకోలేడు. యాదగిరన్న తాత్కాలికంగా రిథమ్ ప్యాడ్ పెట్టుకుని, అంటే చేతి వేళ్లతో కొట్టే ఎలక్ట్రానిక్ పలక పెట్టుకుని పని గడిపాడు.

ప్రభాకర్ ఇంట్లోనే కూర్చున్నాడు. కొన్నాళ్లు చూసి డ్రమ్‌సెట్ అమ్మేస్తానన్నాడు. మఠంపల్లి నుంచి ఒక చర్చివాళ్లు ఆటో తీసుకుని వచ్చారు. స్టాండ్లు విప్పబోతుంటే సునీత వెళ్లి డ్రమ్మర్ స్టూలు మీద కూర్చుంది.

"జర లేవమ్మా, విప్పి ఆటోల పెట్టుకుంటం" అన్నారు వాళ్లు.

"విప్పుడు లేదు. ఇది అమ్మేది కాదు."

ప్రభాకర్‌కు తల తిరిగినంత పనైంది. "అమ్మకుంటే ఎవరు వాయిస్తరే దీన్ని?"

"నేను వాయిస్త."

ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో తనకే తెలియదని సునీత తర్వాత నాతో చెప్పింది. అప్పటిదాకా ఆమె ఆ డ్రమ్స్‌ను దుమ్ము తుడవడానికి తప్ప ముట్టుకోలేదు. వచ్చినవాళ్లు చాయ్ తాగి ఖాళీ ఆటోతో వెళ్లిపోయారు.

ప్రభాకర్ ఆమెకు నేర్పడానికి ప్రయత్నించాడు. రెండో పూటకే ఇద్దరికీ మాటల్లేవు. అప్పుడు నాకు ఫోన్ చేసింది.

"సార్, ఆయన చెప్తే నాకు సమజైతలేదు. నాకు సమజ్ కాకుంటే ఆయనకు కోపమొస్తది. మీరు జర వచ్చి చెప్తరా? పెళ్లిళ్లు మొదలయ్యేదాక ఆగుతనన్నడు యాదగిరన్న. అప్పటికి కాకుంటే ఆ ప్యాడే ఉంచుకుంటడట."

మోకాలు నొప్పిగా ఉన్నా వెళ్లాను. ప్రభాకర్ అంటే నాకు ఇష్టం. నేను వదిలిన స్టూలు మీద కూర్చున్నవాడు.

ఆగని కాలు

ఇంటి ముందు గదిలో కిటికీ దగ్గర తొక్కుడు మిషను, దానికి ఎదురుగా డ్రమ్‌సెట్. మిషను చూడగానే నాకు సంతోషమైంది. ఇన్నేళ్లు కాలితో తొక్కుతూ చేతులతో వేరే పని చేసిన మనిషి. కాలు ఒకటి, చేతులు ఒకటి చేయడం ఈమెకు కొత్తగా నేర్పాల్సిన పనేముంది అనుకున్నాను. ఆ మాట ఆమెతో కూడా అన్నాను. తల ఊపింది, ధైర్యం వచ్చినట్టు నవ్వింది.

నోటితో దుం టక్ చక్కగా వచ్చింది. కుర్చీలో, వట్టి నేల మీద కూడా వచ్చింది. కిక్ పెడల్ మీద పాదం పెట్టింది. అంతే, కాలు ఆగదు. దుం దుం దుం దుం అని పోతూనే ఉంటుంది. టక్ దగ్గర కాలు ఊరుకోవాలి, ఊరుకోదు.

"కాలు ఆపమ్మా."

"నేను ఆపుతనే ఉన్న సార్. అది ఆగుతలేదు."

గట్టిగా బిగబట్టి ఆపితే చేతులు కూడా ఆగిపోయేవి. ఎందుకు ఆపావమ్మా అంటే ఆమె నావైపు వింతగా చూసింది. "మిషన్ ఆగితే చెయ్యి ఆపాలె గద సార్? లేకుంటే గుడ్డ ముడుచుకపోతది."

నేను వరం అనుకున్నదే అడ్డం పడింది. స్టూలు ఎత్తు పెంచాను. మడమ పైకి లేపి, వేళ్లతోనే తొక్కమన్నాను. ఎడమకాలు వాడి చూశాను. హై-హ్యాట్ తీసేసి కిక్, స్నేర్ మాత్రమే ఉంచాను. ప్రతిదీ కాసేపు పనిచేసినట్టు కనిపించేది. నేను బస్సెక్కి సూర్యాపేట చేరేసరికి ఫోన్ వచ్చేది. "మళ్ల ఉరుకుతున్నది సార్."

కోదాడ వెళ్లినప్పుడు రామారావుగారిని అడిగాను. "పాట పెట్టండి మాస్టారూ, అంకెలు ఆపేయండి" అన్నారు. పాట పెట్టాను. పాట వింటూ కూర్చుంటే కాలు బుద్ధిగా ఆగింది, కానీ చేతులు గాల్లోనే ఉండిపోయాయి. యాదగిరన్నను అడిగాను.

"ఒక్క బీట్ చాలు జోసెఫూ, ఆమెకు గదొక్కటే నేర్పు."

"ఆ ఒక్కటే రాట్లేదన్నా."

"మరైతే ప్యాడే" అన్నాడు.

ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాణ్ని. అయినా ఆ రోజుల్లో బస్సు కిటికీ పక్కన కూర్చుని నా పాదాన్నే చూసుకుంటూ వెళ్లేవాణ్ని. నేను మొదటిసారి కాలు ఎలా ఆపానో గుర్తు తెచ్చుకుందామని ప్రయత్నించాను. గుర్తు రాలేదు. వచ్చిన పని ఎలా వచ్చిందో మరిచిపోవడం నేర్పేవాడికి పెద్ద లోటు. ఇది మీకూ ఎదురవుతుంది.

గుమ్మంలో ప్రభాకర్

క్లాసు జరిగినంతసేపూ ప్రభాకర్ బయట గుమ్మం మెట్టు మీద, మాకు వీపు పెట్టి కూర్చునేవాడు. సునీత కాలు పరుగు తీసినప్పుడల్లా లేచి వీధిలోకి వెళ్లిపోతాడు. మళ్లీ మొదలుపెట్టగానే వచ్చి కూర్చుంటాడు.

ఒకనాడు నన్ను బస్టాండు దాకా దింపడానికి వచ్చాడు. చాయ్ బండి దగ్గర ఆగాం.

"ప్రభాకర్, ఆమె నేర్చుకోవడం నీకు ఇష్టం లేదా?"

"గట్ల ఎందుకనుకుంటవన్నా?"

"మరి లేచి పోతున్నావు కదా."

కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని చూసుకున్నాడు. "తప్పు ఇనబడితే నాకు చెయ్యి లేస్తదన్నా. సక్కగ కొట్టాలని లేస్తది. లేసినంక నొప్పి. గందుకే పోత."

"తప్పు ఎక్కడో తెలిసినప్పుడు ఆమెకు చెప్పొచ్చు కదా?"

"నన్ను అడగదు గద."

మరుసటి క్లాసులో సునీతను అడిగాను, ఆయన్ను అడగొచ్చు కదా అని. "ఆయన చెప్పడు గద సార్" అంది. ఆమె అడగదని ఆయన, ఆయన చెప్పడని ఆమె. ఆయన చెప్తాడట అని ఈమెకు చెప్పాలా, ఈమె అడుగుతుందట అని ఆయనకు చెప్పాలా? చెబితే కలుస్తారో, అసలే మాట్లాడుకోరో. నేను డ్రమ్స్ నేర్పడానికి వచ్చాను. ఊరుకున్నాను. ఊరుకోవడం మంచిదైందో కాదో ఇప్పటికీ చెప్పలేను.

ఒక ఉదయం సునీత కాలు ఎప్పటిలాగే పరుగెత్తింది. నేను ఎప్పటిలాగే "ఆపమ్మా, ఆపు" అన్నాను. ఈసారి ప్రభాకర్ లేచి వెళ్లలేదు. మెట్టు మీద నుంచే, వెనక్కి తిరగకుండా అరిచాడు.

"దాన్ని ఇడిసిపెట్టన్నా! ఆ కాలును కొట్టనియ్యి! ఎందుకాపుతవ్ దాన్ని?"

సునీత నావైపు చూసింది. నేను ఆమెవైపు చూశాను.

"ఆపకమ్మా" అన్నాను. "ఒకటీ రెండూ మూడూ నాలుగూ, నాలుగింటికీ కాలు కొట్టు. దాంతో పాటే హై-హ్యాట్ కూడా కొట్టు. రెండుకూ నాలుగుకూ మాత్రం ఎడమచెయ్యి స్నేర్ మీద వెయ్యి."

కొట్టింది. నాలుగు సార్లు తిరిగింది. పది సార్లు తిరిగింది. పడిపోలేదు. హుషారు పాటలన్నిటికీ పనికొచ్చే బీటు అది. వాయించేవాళ్లందరికీ తెలిసిందే, నాకూ తెలిసిందే. నేను దాన్ని ఆమెకు ముందుగా ఎందుకు ఇవ్వలేదంటే, నా పద్ధతిలో అది తర్వాతి పాఠం. సునీత వాయిస్తూనే ఏడ్చింది. కాలు మాత్రం ఆపలేదు. ప్రభాకర్ అప్పుడు కూడా తిరిగి చూడలేదు. వీపు మాత్రం బీటుకు సన్నగా ఊగుతోంది.

మీకు చెప్పగలిగిన ఉపాయం ఒకటుందంటే ఇదే. వచ్చిన మనిషి ఒంట్లో ఏ నడక ముందే ఉందో చూడండి, దాన్ని ఆపకుండా దాని మీద కట్టండి. అయితే ఇదే మాట నమ్మి, కాలు ఆగని ఇంకో అబ్బాయికి కూడా కాలు వదిలెయ్యమన్నాను. అతనికి వదిలిన కాలు మళ్లీ చేతికి అందలేదు. క్లాసుకు రావడం మానేశాడు. కాబట్టి ఇది కూడా సూత్రం అనుకోకండి.

ఫంక్షన్ హాలు

పెళ్లిళ్లు మొదలయ్యాయి. యాదగిరన్న సునీతకు ఒక అవకాశం ఇచ్చాడు. మిర్యాలగూడలోనే ఒక ఫంక్షన్ హాల్లో, మధ్యాహ్నం భోజనాల సమయంలో ఓణీల ఫంక్షన్. "ఇయ్యాల కుదిరితే సీజనంత ఆమెనే. కుదరకుంటే నన్ననొద్దు" అని నాతో ముందే చెప్పాడు. నేను వెళ్లి స్టేజీకి పక్కగా కుర్చీ వేసుకున్నాను. ప్రభాకర్ స్టేజీ మెట్ల దగ్గర నిలబడ్డాడు.

మొదటి రెండు పాటలు హుషారువి. సునీత కాలు తన దారిన పోయింది. ముందువరసలో ఆడవాళ్లు వాయించేది ఆడమనిషని గమనించి వంగి వంగి చూశారు. యాదగిరన్న కీబోర్డు మీంచి నావైపు ఒకసారి తల ఊపాడు.

మూడోది నెమ్మది పాట. అమ్మాయి మేనమామ అడిగాడని అప్పటికప్పుడు ఎత్తుకున్నారు. దానికి హై-హ్యాట్ అంకెకు అంకెకు మధ్య కూడా కొట్టాలి. సునీత కుడిచెయ్యి బిగుసుకుంది. చేతి నరాలు నాకు కుర్చీలోంచే కనిపించాయి. చెమట పట్టిన కర్ర వేళ్లలోంచి జారి స్టేజీ మీద దొర్లిపోయింది.

హై-హ్యాట్ ఆగింది. కాలు, ఎడమచెయ్యి మాత్రం నడుస్తున్నాయి. బీటు సగమైంది, బోసిపోయింది. పాడేవాడు వెనక్కి తిరిగి చూశాడు. యాదగిరన్న మొహం ముడుచుకుంది. నేను లేవబోయాను కానీ మోకాలు సహకరించలేదు.

ప్రభాకర్ మెట్లెక్కాడు. కర్ర తీసి ఆమెకు అందిస్తాడనుకున్నాను. కుర్చీ ఒకటి లాక్కుని హై-హ్యాట్ అవతలి పక్కన కూర్చున్నాడు. కింద పడ్డ కర్రను ఎడమచేతిలోకి తీసుకున్నాడు. అది అతని వాటమైన చెయ్యి కాదు. రెండు చుట్లు దెబ్బలు మొద్దుగా పడ్డాయి, మూడో చుట్టుకు కుదిరాయి. భార్య కాలు, భార్య స్నేర్, భర్త హై-హ్యాట్. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇద్దరి చూపూ ఆ జంట తాళాల మీదే. పాట చివరిదాకా వెళ్లింది. అలాగే మిగతా పాటలు కూడా.

స్టేజీ దిగాక యాదగిరన్న చాలాసేపు తల గోక్కున్నాడు.

"జోసెఫూ, ఇప్పుడు నా డ్రమ్మరెవరు? రేపు ఎవరికి ఫోన్ చెయ్యాలె నేను?"

"నాకూ సమజైతలేదన్నా" అన్నాను. అది నిజం.

"ఒక సెట్టు, ఇద్దరు మనుషులు. గిదేం లెక్క?" అన్నాడు. అయినా మరుసటి ఫంక్షన్‌కు ఇద్దర్నీ పిలిచాడు. ఆ మరుసటి దానికీ పిలిచాడు. జనానికి అదొక ముచ్చట అయింది. కొన్ని చోట్ల పిలిచేవాళ్లే, "ఆ మొగుడు పెళ్లాల డ్రమ్స్ ఉంటదా?" అని అడిగేవారట.

ఒకే రోజు రెండు జవాబులు

నేను ఇక నేర్పడం ఆపేస్తున్నానని చెప్పడానికి ఒకరోజు వాళ్లింటికి వెళ్లాను. ప్రభాకర్ బజారుకు వెళ్లాడు. సునీత రవికె కుడుతోంది. చాయ్ ఇచ్చి, "సార్, ఒకటి ఇనిపిస్త" అని స్టూలు మీద కూర్చుంది.

నెమ్మది బీటు వాయించింది. కాలు ఒకటికీ మూడుకూ మాత్రమే పడింది, మధ్యలో ఆగింది. కుడిచెయ్యి హై-హ్యాట్ మీద తేలిగ్గా పోతోంది. మూడూ తనవే. చరణం చివర చిన్న రోల్ కూడా వేసింది. నేను నేర్పినదానికి అది కాస్త వేరుగా ఉంది. స్నేర్ ఒక్క పిసరు ఆలస్యంగా పడుతోంది, అది వినడానికి బాగుంది. ప్రభాకర్ స్నేర్ అలాగే పడేది. నేనెప్పుడూ అలా వాయించలేదు.

"ఎవరు నేర్పారమ్మా ఇది?"

"మీరే గద సార్."

"ప్రభాకర్?"

"ఆయన ఒక్క మాట చెప్పలే. పక్కన కూసుంటడు అంతే." కర్రలు ఒళ్లో పెట్టుకుంది. "సార్, ఇది ఆయనకు చెప్పొద్దు. ఆయనకు తెల్వదు నాకు మొత్తం వచ్చిందని. తెలిస్తే కుర్చీలకెల్లి లేసిపోతడు."

ప్రభాకర్ తిరిగి వచ్చి నన్ను బస్టాండుకు దింపాడు. బండి ఆపాక వెంటనే వెళ్లిపోలేదు. హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టుకున్నాడు.

"అన్నా, నువ్వు మాస్టర్‌వు. నీకు తెలుస్తది. సునీతకు బీట్ మొత్తం వచ్చిందా? వస్తే చెప్పు, నేను లేస్త. ఆమెకు అడ్డం కూసునుడు మంచిగ లేదు."

కళ్లలోకి చూసి అడిగాడు. వాయించడం అతనికి నాకంటే బాగా తెలుసు. ఆమె పక్కనే రోజూ కూర్చునే మనిషి. ఆమెకు వచ్చిందని అతని చెవికి తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసే నన్ను అడుగుతున్నాడా? తెలియకనా? నేను అవునంటే లేస్తాడా, లేవడానికి ఇష్టం లేకే అడుగుతున్నాడా?

ఇంట్లో ఆమెతో "మొత్తం వచ్చేసిందమ్మా, ఇక నా అవసరం లేదు" అని నేనే అన్నాను. ఇక్కడ అతనితో, "ఇంకా రాలేదు ప్రభాకర్" అన్నాను. "కుడిచెయ్యి ఇంకా బిగుసుకుంటోంది. ఇంకొన్నాళ్లు పడుతుంది."

"ఎన్నాళ్లు?"

"అది చెప్పలేను."

అతను హెల్మెట్ పెట్టుకున్నాడు. హెల్మెట్ అద్దం వెనక నవ్వాడో లేదో కనబడలేదు. "అయితే సరేనన్నా, కూసుంట" అని బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

మీ దగ్గర నేర్చుకునేవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు, వాళ్లను పనిలో పెట్టుకునేవాళ్లు, అందరూ మిమ్మల్ని ఒకటే అడుగుతారు. వచ్చిందా, రాలేదా? నా వృత్తిలో చివరి రోజు నేను ఈ ప్రశ్నకు రెండు జవాబులు చెప్పి బస్సెక్కాను. రెండూ నాకు సరైనవే అనిపించాయి.